నేను కనిపెట్టిన ముడత

మా క్లాసుల కవిత అంటే నాకు పడదు. ముందే చెప్పేస్తున్న, తర్వాత ఎవ్వరూ నన్ను మంచిపిల్ల అనుకోవద్దు.

డిగ్రీల జియాలజీ తీసుకున్న మొదటి వారం నుంచే పడదు. ఖమ్మంల రెండేండ్లు కోచింగ్ పోయినా నాకు డాక్టర్ సీటు రాలే. మా బడే అబ్బా, అదే మా పెదనాన్న, బిడ్డ షీరీన్‌కు వచ్చింది. అప్పటి నుంచి మా ఇంట్ల నా చదువు పేరు రాళ్ళ చదువు. మా అబ్బాది గ్రానైట్ పాలిష్ దుకాణం, రాళ్ళ మీదనే బతుక్కుంట ఆయన కూడ గట్లనే అంటడు. సరే, రాళ్ళల్లనన్న ఫస్ట్ వద్దామనుకుంటే, కారేపల్లి దిక్కు తండా నుంచి ఈ కవిత వచ్చి నా పక్క బెంచీల కూసుంది. ల్యాబ్‌ల మైక్రోస్కోప్ కింద రాయి చూసి ఖనిజం పేరు చెప్పుడుల నేనే ముందు. కాని అడివిలకు పోయినమంటే చాలు, అది వాగు రాళ్ళ మీద మేకపిల్ల లెక్క ఎక్కుతది. సార్ మొఖం వెలిగిపోతది. నాకు కడుపుల మండుతది.

మూడో సంవత్సరంల ఫీల్డ్ క్యాంపు ఉంటది. అయిదు రోజులు అడివిల తిరిగి, రాతిపొరలు కొలిచి, ఎవరి మ్యాపు వాళ్ళు గీయాలె. ఆ మ్యాపు లేకుంటే డిగ్రీ లేదు. ఈసారి మమ్మల్ని పాల్వంచ దాటినంక, భద్రాచలం రోడ్డు మీద ఒక హాస్టల్‌ల దింపిండ్రు. పోంగనే వెంకటేశ్వరరావు సార్ ఒక మాట చెప్పిండు: ఎవరి మ్యాపు బాగుంటే వాళ్ళకు బొగ్గుగనిల ఆరు వారాల ట్రైనింగ్. ఒక్కటే సీటు. నేను ఆగుతనా? ఇంటికి ఫోన్ చేసి ఆ సీటు నాదే అన్న. అమ్మీ స్పీకర్ పెట్టింది, పక్కన షీరీన్ ఉంది, అదీ విన్నది.

పని చెప్తే ఇంతే. హాస్టల్ దగ్గరి వాగుల ఇసుకరాయి పొర ఏ దిక్కుకు సాగుతుందో కంపాసుతోని చూడాలె, ఎంత వాలిందో కొలవాలె, నోట్‌బుక్కుల రాయాలె. ఇనుముకు కంపాసు ముల్లు తిరుగుతదని సుత్తె, సెల్‌ఫోను దూరం పెట్టమన్నడు సార్. అందరూ పదడుగులు పెడితే నేను ఇరవై అడుగులు పెట్టిన. నాకేమో సోడాబుడ్డి కళ్ళద్దాలు, అంకెలు కనపడాలంటే మీదికి వంగి చదవాలె. వంగిన, చదివిన, మూడు రోజులల్ల అరవై జాగాలు కొలిచిన.

మూడో రోజు సాయంత్రం మ్యాపు మీద గీతలు పెడుతుంటే లెక్క కుదురలే. పొర ఒక కాడ ఒక దిక్కుకు పోతుంది, పదడుగులు పోతే ఇంకో దిక్కుకు. కవిత మ్యాపు వైపు తొంగి చూసిన. దాని గీతలన్నీ నూనె రాసి దువ్విన తల లెక్క ఒక్కటే దిక్కుకు. అప్పుడు తట్టింది నాకు. యా అల్లా, ఇది ముడత! భూమి నొక్కుకుంటే రాతిపొర చాప మడిచినట్టు మడత పడ్తది, రెండో సంవత్సరంల చదివినం. అది మన వాగులనే ఉన్నది, కవితకు కనపడలే, నాకు కనపడ్డది.

"ఏందే, చూపియ్యి నీ మ్యాపు," అన్నది కవిత.

"ఇంకా కాలే," అని మూసిన. సంతోషంతోని ఆ పూట అన్నం కూడ సరిగ్గ తినలే.

నాలుగో రోజంత కూసోని మ్యాపులు నీటుగ గీసి, అయిదో రోజు పొద్దున అందరం చూపెట్టినం. సార్ నాది చేతిలకు తీసుకొని చాలాసేపు చూసిండు.

"పదిహేనేండ్ల నుంచి ఈ వాగుకు వస్తున్నమ్మా. ఈ ముడత నాకు కనపడలేదు. పదండి, చూద్దాం."

కవిత తల దించుకుంది. కుళ్ళిపో, అనుకున్న లోపల. ఎంత హాయిగ ఉందో చెప్పలేను.

వాగుల క్లాసంతా చుట్టూ నిలబడ్డది. సార్ కొలవమన్నడు. వంగిన, చదివిన.

"ఇప్పుడు మెల్లగ లే," అన్నడు.

లేస్తుంటే ముల్లు గిర్రున తిరిగింది. మళ్ళ వంగమన్నడు, మళ్ళ తిరిగింది. సార్ నా గదవ దిక్కు చూసిండు. "స్కార్ఫుకు ఏం పెట్టినవమ్మా?"

చెయ్యి మెడ కాడికి పోయింది. పిన్ను పెడితే బట్ట చినుగుతదని స్కార్ఫు కట్టుకునేటోళ్ళం అందరం పెట్టుకునే అయస్కాంతం బిళ్ళ, కమాన్ బజార్ల కొన్నది. సుత్తెను ఇరవై అడుగుల దూరం పెట్టి, ఇది గదవ కింద పెట్టుకొని మూడు రోజులు తిరిగిన నేను.

"ముడత భూమిల లేదు సార్, చున్నీల ఉన్నది," అన్నడు వెనుకనుంచి రాజేష్. అందరూ నవ్విండ్రు. ఇంకొకరికైతే నేనూ నవ్వేదాన్ని.

మళ్ళ కొలవనీకి టైమ్ లేదు. నాకు పాస్ మార్కులు, సీటు కవితకు.

తిరుగు బస్సుల కిటికీ కాడ కూసున్న. కవిత వచ్చి పక్కన కూసుంది.

"ఆఫియా, నాకు మొదటి రోజే తెలుసు. నువ్వు వంగినప్పుడు నీ ముల్లు కదిలింది. చూసిన."

"ఎందుకు చెప్పలే?"

"నువ్వు రాయి ముట్టుకొని పేరు చెప్తవ్. మీ ఇంట్ల పుట్టినకాడి నుంచి రాళ్ళే. నేను ఒక్కొక్కటి వందసార్లు చదివితే గాని గుర్తుండది. మైక్రోస్కోప్ పరీక్షల నీకు ఇరవై నాలుగు, నాకు పదహారు. ఇంటికి పోయి ఏడ్చిన. నాకు నువ్వంటే కుళ్ళు, అంతే."

కోపం రావాలె కదా? ముందు వచ్చింది సంతోషం. నా మీద! కవితకు! మూడేండ్లు నేనొక్కదాన్నే మండుతున్ననుకున్న.

"సార్‌కు చెప్పనా?" అన్నది. "సీటు నీకిస్తే ఇయ్యనీ."

వద్దులే అనాలె. అనలే. "అవ్, పో, చెప్పు," అన్న.

బస్సు ఊగుతుంటే సీట్లు పట్టుకుంట ముందటికి పోయి చెప్పింది. సార్ విని నా దిక్కు తిరిగిండు. "నీ కంపాసు చూసుకోవలసింది నువ్వమ్మా, కవిత కాదు," అన్నడు. మళ్ళ దాని దిక్కు చూసి, "తప్పు చేసినవ్. కాని వచ్చి చెప్పినవ్ చూడు, అది గొప్ప," అని బస్సంతా వినేటట్టు అన్నడు.

సీటు దానిదే అయింది. నిజం ఒప్పుకున్న పేరు కూడ దానికే పోయింది. దాని జాగల నేనుంటే ఆ బస్సుల లేచేదాన్ని కాదు. అది నాకు తెలుసు, అందుకే ఇంకా మండుతుంది.