గుండీలదొర చొక్కా

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు టీవీ ముందు కూర్చోవడం నంజమ్మకు ఇంటిపనుల్లో ఒక పనైపోయింది. భర్త పోయాక ఉద్దనపల్లి వదిలి హోసూరులో కూతురు రేణు దగ్గరికి వచ్చి రెండేళ్ళవుతోంది. రేణుకు ఆదివారాలు కూడా ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ ఉంటుంది. అల్లుడు లారీ డ్రైవరు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. ఏడేళ్ళ మనవరాలు రంజిత కదలకుండా జడ వేయించుకోవాలన్నా, నాలుగు ముద్దలు తినాలన్నా ఎదురుగా ఆ బొమ్మల కథ నడుస్తుండాలి.

పైగా ఆ బొమ్మలు గీసే కంపెనీలోనే నంజమ్మ కొడుకు అనంతకుమార్ పని చేస్తాడు, బెంగుళూరులో. కథ చివర గబగబా పైకి పోయే పేర్లలో మామ పేరు ఎక్కడుందో రంజిత వేలు పెట్టి చూపించేది. నంజమ్మకు చదువు రాదు. పిల్ల వేలు పెట్టిన చోటు చూసి తలూపేది.

కథలో మంచి పిల్లలు నలుగురున్నా రంజితకు ఇష్టం మాత్రం దొంగవాడే. వాడి పేరు గుండీలదొర. కుండలాంటి పొట్ట, పుల్లల్లాంటి కాళ్ళు, చిన్నప్పుడెప్పుడో కుట్టించిన పసుపుపచ్చ చొక్కా. కోపం వచ్చిందంటే పొట్ట ఉబ్బి, ఒక గుండీ తెగి ఎగిరిపోయి ఎవరి ముక్కుకో తగులుతుంది. పోయిన గుండీకి బదులు ఊళ్ళోవాళ్ళ గుండీలన్నీ దొంగిలించడమే వాడి బతుకు. అయ్యవారూ పోలీసూ చొక్కాలు చేత్తో కూడగట్టుకుని పరుగెత్తుతుంటే రంజిత పడీపడీ నవ్వేది.

ఆ రోజు కథ మొదలవకముందే పిల్ల చెప్పింది.

"అవ్వా, ఈపొద్దు గుండీలదొర వాళ్ళమ్మను చూపిస్తారంట."

"దొంగోనికి అమ్మెందుకే?"

"దొంగోడైతే అమ్మ ఉండదా? పిల్లోళ్ళంతా జాబులు రాసినారంట, వాళ్ళమ్మ ఎవురని."

"కదలొద్దు, పాయ వంకర పోతాది" అంటూ నంజమ్మ దువ్వెన తీసుకుంది.

టీవీలో ఒక పల్లె, ఒక పెంకుటిల్లు, ఇంటి ముందు గొర్రెల మంద. గుండీలదొర వాళ్ళ నాయన తలమీద కంబళి కప్పుకున్న గొర్రెల కాపరి. వాళ్ళమ్మ సీసా అడుగులంత మందం కళ్ళద్దాలు పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పెద్దకొడుకు తప్పిపోయాడట. ఆమె తినదు, లేవదు. నాయన ఏం చేయాలో తెలియక గొర్రెల్ని అడిగాడు. గొర్రెలు తమ భాషలో ఏదో చెప్పాయి. నాయన గంతులు వేస్తూ లోపలికి పోయి, పెద్దవాడి పసుపుపచ్చ చొక్కా తెచ్చి చిన్నవాడైన గుండీలదొరకు తొడిగి, తల్లి ముందు నిలబెట్టాడు. తల్లి ముక్కు పొడుగ్గా సాగదీసి వాసన చూసింది. "వచ్చినావా పెద్దోడా" అని లేచి కూర్చుని, ముద్ద మీద ముద్ద పెట్టింది. చిన్నవాడు చొక్కా విప్పబోతే చాలు, గిర్రున గోడవైపు తిరిగిపోతుంది. చొక్కా వేసుకుంటే గిర్రున ఇటు తిరుగుతుంది. అటూ ఇటూ బొంగరంలా తిరుగుతుంటే రంజిత నవ్వి నవ్వి ఒరిగిపోయింది. నంజమ్మ చేతిలో ఉన్న జడ జారిపోయింది.

తల్లి సూదీదారం తీసుకుని, పొట్ట పెరిగి ఊడిపోతున్న గుండీల్ని మళ్ళీ మళ్ళీ కుడుతోంది. అప్పుడు చొక్కా జేబును దగ్గరగా చూపించారు. జేబు మీద దారంతో కుట్టిన కుందేలు. దానికి ఒకే చెవి.

"ఒక చెవి యాడికి పోయింది అవ్వా?" అంది రంజిత.

నంజమ్మ దువ్వెన కింద పెట్టి టీవీ దగ్గరికి జరిగింది. ఏడాదిగా వారం వారం ఆ చొక్కాను చూస్తూనే ఉంది, పోల్చుకోలేదు. ఆ కుందేలు రెండో చెవి దారం ఊడితే, మళ్ళీ కుట్టడానికి తెల్లదారం లేక అట్లాగే వదిలేసింది తనే. రాయకోట సంతలో కొన్న చొక్కా అది. ఇప్పటికీ మంచం కింద తన ట్రంకుపెట్టెలో అడుగున ఉంది.

తొంభైలో జరిగిన మాట. పెద్దకొడుకు మునిరాజుకు ఆరేళ్ళు. చలిజ్వరమని మొదలై తలకెక్కింది. కృష్ణగిరి ఆసుపత్రిలో తొమ్మిది రోజులుంచి, పదో రోజు పిల్లవాణ్ణి గుడ్డలో చుట్టి తెచ్చుకున్నారు. నంజమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఇద్దరు బతికున్న బిడ్డలు, తొమ్మిదేళ్ళ రేణు, నాలుగేళ్ళ అనంతకుమార్, వాకిట్లో ఏం తిన్నారో ఏం తినలేదో చూడలేదు. ఊరి ఆడవాళ్ళు వచ్చి చెప్పి చెప్పి విసిగి పోయారు. ఎనిమిది రోజులకు మనిషి పుల్లయింది.

భర్త కేశవప్పకు గొర్రెలు తప్ప ఇంకో విద్య తెలియదు. ఈనిన గొర్రె పిల్ల చచ్చిపోతే, దాని తోలు ఒలిచి, తల్లిలేని ఇంకో పిల్లకు కప్పి దారంతో కట్టేవాడు. తల్లిగొర్రె వాసన చూస్తుంది. తన పిల్లేననుకుని పొదుగు అందిస్తుంది. మూడు నాలుగు రోజుల్లో, ఆ పాలు తాగిన పిల్లకు ఆ గొర్రె వాసనే పడుతుంది. అప్పుడు తోలు తీసేసినా పొమ్మనదు. అట్లా ఎన్ని పిల్లల్ని బతికించాడో ఆయనకే తెలియదు.

ఒక సాయంత్రం దీపం పెట్టక ముందు, మునిరాజు విడిచిన చొక్కా, ఉతకనిది, అనంతకుమార్‌కు తొడిగాడు. తెచ్చి ఆమె పక్కన కూర్చోబెట్టాడు. చొక్కా చేతులు మోచేతుల కిందికి వేలాడుతున్నాయి. పిల్లవాడు భయపడి కదలకుండా కూర్చున్నాడు. నంజమ్మకు ఆ వాసన తగిలింది. ఇటు తిరిగింది. "మునిరాజా" అంది. వాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. ఆ పూట సంగటి తిన్నది.

నాలుగో రోజు కేశవప్ప, "చొక్కా తీసేస్తా మే. గొర్రెకైనా నాలుగు దినాలే" అన్నాడు.

"ఇంగొక దినం ఉండనీ" అంది నంజమ్మ.

తోలైతే కుళ్ళుతుంది, తీయక తప్పదు. చొక్కా కుళ్ళదు. ఒక దినం రెండేళ్ళయింది. వదులుగా ఉన్న చొక్కా సరిపోయింది, తరువాత బిగువైంది. గుండీలు తెగితే నంజమ్మ కూర్చుని కుట్టింది. బడిలో చేర్చిన రోజు అయ్యవారు పేరడిగితే పిల్లవాడు తల్లి ముఖం చూసి, "ఏ పేరు చెప్పాలమ్మా?" అన్నాడు. అయ్యవారు నవ్వాడు. కేశవప్ప ముందుకొచ్చి, "అనంతకుమార్ సామీ" అని చెప్పి, ఇంటికి రాగానే ఆ చొక్కా విప్పి పారేశాడు. నంజమ్మ దాన్ని ఏరుకుని పెట్టెలో పెట్టింది. ఆ రోజు నుంచి ఆమె వాణ్ణి ఏ పేరుతోనూ పిలవలేదు. "అప్పా" అంటుంది. "రా అప్పా, తిను అప్పా." ఊళ్ళో అందరూ కొడుకుల్ని అట్లాగే అంటారు కాబట్టి ఎవరూ గమనించలేదు.

వాడికి గుర్తులేదనుకుంది ఇన్నాళ్ళూ. నాలుగేళ్ళ పిల్లవాడికి ఏం గుర్తుంటుంది? బెంగుళూరుకు పోయాక గుండీల చొక్కా ఒక్కటీ కొనుక్కోకుండా ఎప్పుడూ టీషర్టులే వేసుకుంటాడంటే, ఈ కాలం పిల్లల తీరు అనుకుంది.

సాయంత్రం రేణు వచ్చి చెప్పులు విడుస్తుండగానే నంజమ్మ అడిగింది.

"నీకు తెలుసా, వాడు మునిరాజు చొక్కా సంగతి ఆ బొమ్మల్లో పెట్టినాడని?"

"తెలుసు. పోయిన నెలే చెప్పినాడు."

"నాకు చెప్పకూడదా?"

"చెప్పి ఏం చేయాలమ్మా? టీవీ పీకేస్తామా?" రేణు కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చుంది. "అంతా నవ్వులాటే కదా. నన్నైతే అసలు పెట్టనే లేదు దాంట్లో. రెండేండ్లు ఆ ఇంట్లో సంగటి గెలికింది నేను. నాకు బొమ్మ గూడా లేదు."

హాస్యానికే అన్నది, కానీ ముఖంలో నవ్వు లేదు.

అసలు భయం ఆమెకు టీవీ చూసినందుకు కాదు. ఆ బొమ్మతల్లికి కళ్ళద్దాలు పెట్టారు. ఆమెకు చూపు ఆనదు, అందుకే మోసపోయింది. కొడుకు అట్లాగే నమ్ముతున్నాడన్నమాట. కానీ నంజమ్మకు చూపు బాగానే ఆనేది. గొర్రెకు తెలియదు, ఆమెకు తెలుసు. ఒళ్ళోకి తీసుకున్న ఆ మొదటి సాయంత్రమే కుడిచెవి వెనక తడిమింది. మునిరాజుకు అక్కడ మినపగింజంత పులిపిరి ఉండేది. వేళ్ళకు తగల్లేదు. తగలకపోయినా "మునిరాజా" అంది. ఈ సంగతి కేశవప్పకు కూడా చెప్పకుండానే ఆయన్ని కాటికి పంపించేసింది. ఇప్పుడు వచ్చే ఆదివారం కొడుకు వస్తున్నాడు. చెప్పకపోతే, ఏమీ తెలియని పిచ్చితల్లిగానే వాడి మనసులో ఉండిపోతుంది. చెబితే అదీ పోతుంది.

వారమంతా అదే ఆలోచన. రెండుసార్లు పప్పులో ఉప్పు మరిచిపోయింది.

ఆదివారం పదకొండింటికి అనంతకుమార్ వచ్చాడు. ఇరవై మూడేళ్ళు వాడికి, ముఖం మాత్రం నిద్రలేనివాడిలా ఉంటుంది. రంజిత మెడ పట్టుకుని వేలాడింది. రేణు ఆ రోజూ పనికి పోయింది. నంజమ్మ సంగటి కెలికి, మొలకల చారు కాచి, పళ్ళెం పెట్టింది.

"చూసినావామ్మా?" అన్నాడు, పళ్ళెం వైపు చూస్తూ.

"చూసినా అప్పా."

"నవ్వొచ్చిందా?"

"రంజిత నవ్వింది."

వాడు తలూపాడు. "ఆ చొక్కా నేను గీసింది. ఎందుకట్ల గీసినావని ఎవురూ అడగలే. తరువాత దొంగోనికి ఇంటి కథ కావాల అన్నారు. ఎవురికీ ఏమీ తోచలే. నేను నోరు జారి చెప్పేసినా. అందరూ నవ్వినారు, భలే ఉండాదన్నారు." కొంచెం ఆగాడు. "కత కడాకు నేను వేరే రాసినా. వాళ్ళమ్మ ఆ చొక్కా విప్పేసి, నీళ్ళు పోసి, వాని పేరుతో వాణ్ణి పిలుస్తాది. మా సారు కొట్టేసినాడు. చొక్కా విప్పేస్తే రేపట్నుంచి గుండీలు యాడ నుంచి ఎగరాలప్పా, ఇంకా యాభై వారాలు నడవాల అన్నాడు. అదీ నిజమే."

రంజిత నోట్లో ముద్దతోనే అడిగింది. "మామా, అది వేరే పిల్లోడని వాళ్ళమ్మకు ఎప్పుడు తెలుస్తాది?"

"తెలీదులే. ఆమెకు కండ్లు కనబడవు కదా." తల్లి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నీ మీద కోపంతో రాయలేదమ్మా. నీకేం తెలుసు పాపం. నాయన ఏమార్చినాడు, గొర్రెను ఏమార్చినట్ల. నువ్వు మాత్రం ఏం చేస్తావు?"

ఆ మాట ఎంతో మెత్తగా అన్నాడు. ఆ మెత్తదనమే నంజమ్మకు తట్టుకోరానిదయింది. నిజం దాచి దాన్ని ఒళ్ళో వేసుకుని కూర్చుంటే మళ్ళీ వాడికి ఇంకొకరి చొక్కా తొడిగినట్టే.

"పాపా, పక్కింటి కదిరమ్మవ్వ దగ్గర మజ్జిగ తీసుకురా పో" అని రంజితను పంపించింది. తరువాత చెప్పింది.

"మీ నాయన ఏమార్చలే. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"అది నువ్వని. మునిరాజుకు చెవి ఎనక పులిపిరి ఉండె. ఆ దినమే తడిమి చూసినా. లేదు. తెలిసే ఆ పేరు పెట్టి పిలిస్తి."

అనంతకుమార్ చెయ్యి సంగటి ముద్ద దగ్గర ఆగిపోయింది.

"రెండేండ్లా?"

"రెండేండ్లు."

"బడిలో పేరడిగిన దినం గూడా?"

"ఆ దినం గూడా."

ఎందుకని అడుగుతాడనుకుంది. అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర పెద్దగా ఏమీ లేదు. వాణ్ణి చూస్తే మునిరాజు లేడని తెలుస్తుంది, ఆ చొక్కాను చూస్తే ఉన్నాడనిపిస్తుంది, అంతే. వాడు అడగలేదు. మిగిలిన సంగటి నిదానంగా తిన్నాడు. చారు కూడా మిగల్చకుండా తాగి, పళ్ళెం తనే కడిగి బోర్లించాడు.

"మూడు గంటలకు పోతా అంటివి" అంది నంజమ్మ, వాడు బ్యాగు తీసుకుంటుంటే.

"పని ఉండాది."

రంజితను పట్టుకుని ఆమె కూడా బస్టాండు దాకా నడిచింది. వాడు వద్దనలేదు. దారంతా రంజితే మాట్లాడింది. వచ్చే వారం గుండీలదొర ఏం దొంగిలిస్తాడో చెప్పమంది. "పెద్దాసుపత్రిలో డాక్టర్ల గుండీలు" అన్నాడు. పిల్ల నవ్వింది.

బెంగుళూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. వాడు రంజిత తల నిమిరి, తల్లి వైపు చూసీ చూడనట్టు "వస్తానమ్మా" అని జనంలోకి పోయాడు.

"అనంతకుమారా" అంది నంజమ్మ.

ఆ పేరు ఆమె నోటికే కొత్తగా ఉంది. ఎవరో ఎవరినో పిలిచినట్టుంది. వాడు తిరగలేదు. ఆ గొంతులో ఆ పేరు వాడికి అలవాటు లేదు. రెండోసారి కొంచెం గట్టిగా పిలిచింది. మెట్టు మీద కాలు పెట్టినవాడు ఆగి, ఎవరన్నట్టు చుట్టూ చూసి, తరువాత ఆమెను చూశాడు.

వెనకవాళ్ళు వాణ్ణి నెడుతున్నారు.

"నిలబడి పోవద్దు, సీటు చూసుకో" అంది.

సరేనన్నట్టు చెయ్యి కొంచెం ఎత్తి లోపలికి పోయాడు. ఏ కిటికీలో కూర్చున్నాడో కనిపించలేదు. బస్సు మలుపు తిరిగాక రంజిత చెయ్యి లాగింది.

"మామను పేరు పెట్టి పిలిచినావు అవ్వా."

"ఊ."

"ఎప్పుడూ పిలవవు."

నంజమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటివైపు నడిచింది. ట్రంకుపెట్టెలో చొక్కా సంగతి వాడికి చెప్పలేదని సగం దారిలో గుర్తొచ్చింది. చెప్పడానికి వాడు మళ్ళీ రావాలి కదా అనుకుంది.