కంఠతా వచ్చిన చార్టు

మా తమ్ముడి చూపు తిన్నది జబ్బొక్కటే కాదు, మీరు కూడా. డిపో వైద్యాధికారిగారూ, మీరే. మీ పక్కన కూర్చుని తలూపే మేనేజరూ.

వాడు బస్సు డ్రైవరు, నేను అదే బస్సులో కండక్టరును. మా డిపోలో కంటి పరీక్షంటే గోడకి వేలాడే ఒకే ఒక్క చార్టు. అంచులు చిరిగినా మార్చలేదు. కొత్తగా చేరినవాడికి పాతవాళ్ళు ముందు నేర్పేది దాని చివరి వరసే. తమ్ముడూ నేర్చుకున్నాడు. అందుకే, నల్లగుడ్డు మీది గాజులాంటి పొర పలచబడి శంకువులా పొడుచుకొస్తున్నా, మీ పరీక్షలో ఏటా పాసే. కెరటోకోనస్ అనే పేరు మాకు పెద్దాసుపత్రిలో తెలిసింది, మీ దగ్గర కాదు.

ఒక వాన సాయంత్రం వాడడిగాడు: "అక్కా, ఎదురొచ్చేది ఒక బండా, రెండా?"

అప్పటినుంచి టిక్కెట్లు కొడుతూనే వాడి వెనక నిలబడి, "ఎర్రదీపం... ముసలాయన దాటుతున్నాడు, ఆగరా" అని చెప్పడం నా పనైంది.

"బస్సు నడిపేది ఆయనా, నువ్వా తల్లీ?" అని ప్రయాణికులు ఒకటే నవ్వు.

పెద్దాసుపత్రిలో చుక్కలమందు వేసి, కంటిమీద నీలికాంతి పెట్టి పొరను గట్టిపరిచారు. జబ్బు ఆగింది. వంకర మిగిలింది. ఏడాది పైగా చూశాక కంటి డాక్టరమ్మ చెప్పింది: "పొర నిలకడగా ఉంది, మందం సరిపోతుంది. లేజరుతో ఎగుడుదిగుడు కొంత సర్దితే, కళ్ళజోడుతో రోడ్డు కనిపించొచ్చు. పూర్తిగా బాగవుతుందని మాటివ్వలేను."

ఆ కొంత కోసమే, ఖర్చు ఉద్యోగుల వైద్యపథకంలో ఇప్పించమని మీ గదికొచ్చాం. మీరేమన్నారు?

"లేజరా? కళ్ళజోడు వదిలించుకునే సోకు! వైద్యపథకంలో సోకులకి చోటు లేదయ్యా. అయినా నీ చూపు భేషుగ్గా ఉందిగా. సరే, మళ్ళీ చదువు."

నిజం చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే కన్ను. వాడు ఒక కన్ను మూసుకుని గోడకేసి తిరిగాడు. గడగడా ఒప్పజెప్పాడు.

"గ, న, ప, ర, ల."

తనిఖీ వస్తోందని ఆ ఉదయమే మీరు కొత్త చార్టు తగిలించారు. నాకు కనిపిస్తూనే ఉంది, ఆ వరసలో వాడన్న అక్షరం ఒక్కటీ లేదు. బస్సులో ప్రతి గుంతా చెప్పినదాన్ని, అక్కడ ఒక్క అక్షరమూ అందించలేకపోయాను. వాడు మాత్రం పాసయ్యాననుకుని నాకేసి నవ్వాడు. వాడి వెనక పరీక్షకి వరసలో నిలబడ్డ డ్రైవర్లు ఒక్కొక్కరే బయటికి జారుకున్నారు. ఎందుకో మీకు తెలుసు.

"మోసం," అన్నారు మీరు. "రేపటినుంచి డ్యూటీ లేదు."

"మరి లేజరు సార్?" అన్నాడు వాడు.

"డ్యూటీలో ఉన్నవాళ్ళకే పథకం."

ఇప్పుడు వాడు గుమ్మంలో కూర్చుని మా బస్సును ఇంజను చప్పుడు బట్టి గుర్తుపడుతున్నాడు. "కొత్తవాడు గేరు సరిగా వెయ్యట్లేదక్కా," అంటాడు. నేనేం చెప్పను?

మీకే చెబుతాను. బయటి కంటి డాక్టరును పిలిచి ప్రతి డ్రైవరుకీ పరీక్ష పెట్టండి. తప్పినవాణ్ణి గేటు బయటికి తొయ్యకండి, జీతమిచ్చి షెడ్డు పనిలో పెట్టి కన్ను బాగుచేయించండి. ఈ లేజరును సోకుల్లోంచి తీసి వైద్యంలో రాయండి. మా తమ్ముడికి ఆపరేషను తేదీ ఇవ్వండి. ఇవాళే ఇవ్వండి.