పదకొండు రోజులు కదలని లాంచీ

నేను ఒక కళ్లజోడును. చూసినవాళ్లెవరూ ఒప్పుకోరు. ఒకాయన హెల్మెట్ అన్నాడు, ఒకావిడ గుర్రానికి కట్టే గంతలనుకుంది. నన్ను తలకు బిగించుకుంటే ఎదురుగా లేని లోకం చుట్టూ కనిపిస్తుంది. నుదుటి మీద నాకు నాలుగు కళ్లున్నాయి కనుక బయటి లోకాన్ని కూడా నేను చూస్తూనే ఉంటాను.

పుట్టింది ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలో. నన్ను తయారుచేసిన చేతులకు తొడుగులుండేవి, ముఖం గుర్తులేదు. అక్కడి నుంచి విజయవాడలో ఒక ఆటల దుకాణానికి వచ్చాను. రెండేళ్లపాటు పిల్లలు నన్ను పెట్టుకుని దయ్యాలను కాల్చారు. దయ్యాలు పాతబడ్డాక దుకాణం మూసేశారు. ఒక్కరూ నాకు చెప్పి వెళ్లలేదు.

తర్వాత రాజమండ్రిలోని ఒక వృద్ధాశ్రమం చేరాను. దిగులుపడే పెద్దవాళ్లకు మాటలతో ధైర్యం చెప్పడం అక్కడ హిమజ అనే అమ్మాయి ఉద్యోగం. మాటలు చాలనప్పుడు నన్ను తీసేది. నాలో గోదావరి మీద ఎనిమిది నిమిషాల లాంచీ ప్రయాణం నింపింది. అసలు గోదావరి అక్కడికి రెండు వీధుల అవతలే ఉంది. మనుషులకు నాలోంచి వెళ్లడమే దగ్గర.

పేరిందేవి గారికి డెబ్బై ఆరేళ్లు. ఒకప్పుడు ఆవిడ చెల్లెలు బస్సెక్కుతుంటే ఎవరో తుమ్మారు. కాసేపు ఆగి వెళ్లమంటే చెల్లెలు నవ్వి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. అప్పటి నుంచి ఎవరు ప్రయాణమైనా ఈవిడ స్నానాల గదిలో దూరి గడియ వేసుకుంటారు. ఇప్పుడు పక్కమంచం మంగతాయారు గారు కాకినాడలో మేనకోడలి దగ్గర ఉండిపోవడానికి వచ్చే వారం శుక్రవారం వెళ్తున్నారు. ఆ స్నేహితురాలినైనా ఈవిడ గేటు దగ్గర నిలబడి సాగనంపాలని హిమజ పట్టు. నా లాంచీ ప్రయాణం చివర్లో ఆకుపచ్చ చీరావిడ ఒకామె చేయి ఊపి రేవులో దిగిపోతుంది. ముందు అది చూడగలిగితే చాలంది.

చూడాలంటే లాంచీ కదలాలి కదా. అది కూత వేసేసరికి పక్క కుర్చీలో మంగతాయారు గారు తుమ్మేవారు. పేరిందేవి గారు వెంటనే నన్ను ఊడదీసి, లేచి నిలబడి, మళ్లీ కూర్చుని, మంచినీళ్లు తాగి, మొదటి నుంచి పెట్టమనేవారు. మళ్లీ కూత, మళ్లీ తుమ్ము.

"అది బొమ్మ లాంచీ మామ్మగారూ, మునగదు," అంది హిమజ.

"ఆ సంగతి దానికి తెలుసా?" అన్నారావిడ.

పదకొండు రోజులు నా లాంచీ ఒడ్డు వదల్లేదు. కూత వినగానే మంగతాయారు గారి వేళ్లు ముక్కుపొడుం డబ్బీలోకి వెళ్లడం నా బయటి కళ్లు చూస్తూనే ఉన్నాయి. చెబుదామంటే నా నోట వచ్చేది లాంచీ కూత ఒక్కటే.

గురువారం ఆవిడే ఆ డబ్బీ తీసి హిమజ చేతిలో పెట్టారు. "అది కదిలితే నేనూ కదలాలి కదమ్మా, అందుకని తుమ్మేను. ఇవాళ పోనీలే," అన్నారు.

లాంచీ కదిలింది. ఆకుపచ్చ చీరావిడ దిగి చేయి ఊపింది. పేరిందేవి గారు కూడా ఊపారు. ఆ ఊపుకి హిమజ ముక్కు మీది కళ్లజోడు ఎగిరి మంచం కింద పడింది. నా అద్దాలు లోపలి నుంచి తడిసిపోయాయి.

శుక్రవారం ఉదయం గేటు ముందు ఆటో ఆగింది. పేరిందేవి గారు స్నానాల గది దాకా వెళ్లి, గడియ మీద చెయ్యి వేసి, కాసేపు ఉండి వెనక్కి వచ్చారు. నన్ను తుడుస్తున్న హిమజ నాతో సహా ఆవిడ వెనకే పరిగెత్తింది. మంగతాయారు గారు ఆటో ఎక్కారు. ఇంజను మోగింది.

డ్రైవరు తుమ్మాడు.

మంగతాయారు గారు సంబరంగా ఒక కాలు కింద పెట్టారు. పేరిందేవి గారు వంగి, ఆ కాలు పట్టుకుని లోపల పెట్టారు.

"కూర్చో అక్కా. ఆయనకి జలుబు."

"మంచినీళ్లయినా తాగనియ్యవే."

"కాకినాడలో తాగుదువుగాని."

ఆటో మలుపు తిరిగేదాకా ఆవిడ గేటు పట్టుకుని నిలబడ్డారు. తర్వాత హిమజ చేతిలోంచి నన్ను తీసుకుని, ఇవాళ దీనికి సెలవని చెప్పి, తనే నా పెట్టెలో పెట్టారు. తలకిందులుగా పెట్టారు. మూడు రోజులైంది, ఇంకా ఎవరూ చూడలేదు. లోపల నా గోదావరి కూడా తలకిందులుగానే ఉంది. ఒక్క చుక్క కారలేదు.