గిట్టలకు దారాలు

మా ఆయన బుచ్చిరాములు పదహారేళ్లు సాంచెలు, అదే మరమగ్గాలు, నడిపినవాడు. ఆ బుద్ధి ఎక్కడ పోయిందో గానీ, పెళ్లి బరాతులకు తిప్పుతానని దీపావళికి ఒక ఆడగుర్రాన్ని కొన్నాడు. అది కడుపుతో ఉందని అమ్మినవాడు చెప్పలేదు, కొన్నవాడు చూడలేదు. మూడు బరాతులకు వెళ్లిందో లేదో, లాక్‌డౌన్ వచ్చిపడింది. సాంచెలు బంద్, పెళ్లిళ్లు బంద్. బతుకుదెరువుకు వచ్చిన ఈ లింబాయత్‌లో, మా రేకుల షెడ్డులో తినే నోళ్లకు మాత్రం బంద్ లేదు.

"ఈనంగనే తల్లిని, పిల్లని అమ్మెయ్యి, లేకుంటే నన్ను అమ్మెయ్యి" అని ఆ రోజు పొద్దున్నే తేల్చి చెప్పాను. అంతలోనే అది ఈనింది.

పశువుల డాక్టరు ఉండేది ఊరవతల కడోదరాలో. పోలీసులు దారి మూసేశారని ఫోన్లోనే కనబడ్డాడు. పిల్ల గంటలో నిలబడాలట, రెండు గంటల్లో పాలు తాగాలట. తాగకపోతే బతకడం కష్టమన్నాడు.

నేను ఇంట్లో కూచుని చీరలకు వేలాడే దారాలు కత్తిరించే పని చేస్తాను. నా కంటికి చిక్కని లోపం లేదు. పిల్లను కూడా అట్లాగే తిరగేసి చూశాను. కళ్లు, చెవులు, బొడ్డు అన్నీ బాగున్నాయి. గిట్టల దగ్గర ఆగిపోయాను. నాలుగింటి కిందా మెత్తగా, పసుపు తెలుపుగా పోగులు వేలాడుతున్నాయి.

"ఏమయ్యా, గిదేంది? దేవుడు దారాలు కత్తిరించకుండనే పంపిండు! గివి అడ్డం పడవట్టే లేస్తలేదు!"

చటుక్కున కత్తెర తెచ్చి ఒక కాలు పట్టుకున్నాను.

"అరే బెహెన్! కైంచీ ఛోడో!" కత్తెర వదలమని ఫోన్లో డాక్టరు గావుకేక పెట్టాడు.

ఆ పోగులు ప్రతి గుర్రప్పిల్లకూ ఉంటాయట. కడుపులో తన్నినప్పుడు తల్లి గర్భసంచి చిరగకుండా ఉండేందుకట. నడిస్తే అవే అరిగిపోతాయట. సిగ్గుతో చచ్చి, కత్తెర కొంగులో చుట్టుకున్నాను.

యాభై నిమిషాలకు పిల్ల లేచింది. లేచి గోడను చీకింది, బకెట్‌ను చీకింది, మా ఆయన మాస్కును చీకింది. పొదుగు దగ్గరికి మాత్రం పోదు. గంటా నలభై నిమిషాలయింది.

"నోట్లో వేలు పెట్టి చూడండి" అన్నాడు డాక్టరు హిందీలో.

పెట్టాను. అమ్మో, ఎంత బలంగా చీకిందో! ఆ వేలితోనే మెల్లగా తల్లి కిందికి లాక్కుపోయాను. ఆర్నెల్లు నా తిట్లు తిన్న గుర్రమది, ఒక్క తన్ను తన్నితే నా పని అంతే.

"తల్లీ, జర ఓపిక పట్టే. నీ బిడ్డ కోసమే" అన్నాను. అది కదల్లేదు.

వేలు తీసి చన్ను అందించాను. గుటక్, గుటక్. నాకు ఏడుపు ఆగలేదు. అంతలో పిల్ల తోకెత్తి, నా చీర మీద నల్లగా మొదటి లద్దె వేసింది.

"శాబాష్! కడుపు కూడా సాఫ్!" అన్నాడు డాక్టరు.

మా ఆయన కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "మరి అమ్ముదమా, స్వరాజ్యం? పొద్దుగాల అంటివి గద."

కొంగులోంచి కత్తెర బయటికి తీశాను.

"ఇంకోపాలి అను. గీసారి నీ నాలుకే కత్తిరిస్త."