నాలుగువందల పదిహేడో నక్షత్రం

మా గైడు సారుకి ఒక మాయదారి అలవాటుంది. టెలిస్కోప్ నుంచి డేటా రాగానే ఏదో ఒక నక్షత్రం వెలుగును తనే అక్కడక్కడా తగ్గించి, అందులో ఒక దొంగ గ్రహాన్ని దాచేస్తారు. నిజం గ్రహం అడ్డొచ్చినా నక్షత్రం అలాగే కాసేపు మసకబారుతుంది. ఎక్కడ దాచారో చీటీ రాసి కవర్లో పెట్టి అంటిస్తారు. మేం పట్టుకోవాలి. ఆరేళ్లలో నేను ఒక్కటంటే ఒక్కటి పట్టుకోలేదు. నెలాఖరులోగా నా ప్రోగ్రాం దేన్నయినా పట్టుకోగలదని చూపించకపోతే ఫెలోషిప్ ఆగిపోతుంది, పీహెచ్‌డీ అటకెక్కుతుంది.

సోమవారం పొద్దున దొరికింది. నాలుగువందల పదిహేడో నక్షత్రం సరిగ్గా పదకొండు రోజులకోసారి మసకబారుతోంది. నిజమా, దొంగా? పరుగెత్తుకెళ్లి సారు చేత కవరు విప్పించాను.

'ఈసారి ఏమీ దాచలేదు' అని ఉంది.

"అదేంటి సార్!"

"అదీ పరీక్షేనమ్మా. లేనిదాన్ని చూశామంటారేమోనని."

"మరి ఇదేంటి?"

సారు స్క్రీన్ మీదకి వంగి చాలాసేపు చూశారు. "అదే నాకూ అర్థం కావట్లేదు," అన్నారు.

పక్క టేబుల్ దగ్గర కూర్చునే సీనియర్‌ని మేం సోడాబుడ్డి అన్నయ్య అంటాం. తిన్నగా వెళ్లి నిలదీశాను. "నిజం చెప్పు, నా డేటాలో కెలికింది నువ్వేగా?"

"నా గెలాక్సీలతో నేను చస్తుంటే నీ గ్రహాలు నాకెందుకు తల్లీ!"

అమ్మకి ఫోన్ చేసి, గ్రహం దొరికిందనుకుంటున్నానని చెప్పాను.

"అనుకోవడమేంటే? దొరికిందా, లేదా?"

"అదే తెలీట్లేదమ్మా."

"ఆరేళ్లు చదివింది ఇందుకా?"

ఒళ్లు మండి ఫోన్ పెట్టేశాను.

మూడు రోజులు నా ప్రోగ్రాంని లైను లైనుగా చదివాను. గురువారం మధ్యాహ్నం గుండె జారిపోయింది. సారు లాగే ఒక దొంగ గ్రహాన్ని దాచి చూద్దామని నిరుడు నేనే రాసుకున్న నాలుగు లైన్లు అందులో అలాగే ఉన్నాయి. నక్షత్రం 417, పదకొండు రోజులు. పక్కనే నా మాటలే: 'పనయ్యాక తీసెయ్, మర్చిపోకు.'

తీసేసి మళ్లీ నడిపాను. గ్రహం లేదు, గిహం లేదు.

ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటే నెలాఖరు గడిచిపోతుంది కదా అని ఒక్క క్షణం అనిపించింది. ఛీ, నా మొహం! లేచి వెళ్లేసరికి సారు ఆ నక్షత్రాన్ని చూడమని వేరే టెలిస్కోప్ వాళ్లకి చెప్పడానికి ఫోన్ తీస్తున్నారు.

"ఆగండి సార్. ఆ దొంగని నేనే."

అంతా విన్నారు. తిడతారనుకున్నాను.

"నువ్వే దాచి, మర్చిపోయి, నువ్వే పట్టుకున్నావా?"

"అవును సార్."

"నీ ప్రోగ్రాం పనిచేస్తోందన్నమాట! నా కవర్లన్నీ దండగ." ఆ చీటీ మీదే 'ఏమీ దాచలేదు' అన్నది కొట్టేసి '417, పట్టుకుంది' అని రాసి సంతకం పెట్టారు. "ఇది ఫెలోషిప్ వాళ్లకి పంపించు."

గండం గడిచింది. అయినా మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. నాలుగు రోజులు అది నా గ్రహం మరి.

అమ్మ ఫోన్. "ఇంతకీ దొరికిందా?"

"దొరికిందమ్మా," అన్నాను. "కానీ అది లేదు."