అడుగులో మొలవనిది

కార్ఖానా గల్లీ భవానికి అన్యాయం జరిగింది నిరుడు బోనాలైన మర్నాడు, సోమవారం. చేసింది ఆమె కోచ్ దుర్గేష్. ‘మూలికల బలం’ అంటూ మాత్రల డబ్బా చేతిలో పెట్టాడు. డబ్బా మీద అశ్వగంధ, శతావరి బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. బొమ్మలకేం, ఎవరైనా గీస్తారు.

అంతదాకా ఆ గల్లీ ఒక పద్ధతిగా తెల్లారేది. భవాని మైదానంలో ఎనిమిది వందల మీటర్ల పరుగు సాధన చేసి, బూట్లు చేత పట్టుకుని వట్టికాళ్లతో ఇంటికొచ్చేది. రాత్రి ఏ ఆకు తింటే ఆ ఆకు ఆమె అడుగుల్లో మొలిచేది, సిమెంటు రోడ్డయినా సరే. పక్కింటి సీతారత్నం బుట్టతో గేటు దగ్గరే కాచుకునేది.

“బాలమ్మగారూ, ఈ రాత్రి మీ మనవరాలికి కాస్త గోంగూర పెడుదురూ. రేపు మా చెల్లెలొస్తోంది.”

“నీ చెల్లెలి కోసం పిల్లకు పులుపు తినిపియ్యాల్నా? రేపు పాలకూర. లేకుంటె మోండా మార్కెట్‌కు పో.”

డబ్బా షురూ అయ్యాక రెండు నెలల్లో భవాని వేగం పెరిగింది. రాష్ట్ర జట్టులో చోటు ఖాయమన్నాడు దుర్గేష్. అడుగుల్లో మాత్రం ఏదీ మొలవలేదు. వానలెక్కువై విత్తు కుళ్లిందనుకుంది గల్లీ. దిష్టన్నది సీతారత్నం. బాలమ్మ ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటుకు ఇల్లంతా దగ్గింది. దిష్టి కాదన్నమాట.

దగ్గులో మనవరాలి గొంతు మగగొంతులా మోగింది. బాలమ్మ తలెత్తింది.

“నీకు నెలెప్పుడొచ్చిందే?”

“బోనాలప్పుడు. మళ్ల రాలే నానమ్మా. బాడీ సెట్ అయితుందన్నడు సార్.”

బాలమ్మ గేటు ముందు గరికలో కూర్చుని చూసింది. చుట్టూ పచ్చగానే ఉంది. భవాని పాదం పడిన మేర మాడిపోయింది.

“ఆకు తింటె ఆకు మొలిసింది. వేరు తింటె వేరు మొలవాలె గద బిడ్డా. గీ డబ్బల వేరు లేదు.”

“మానేస్తె సెలక్షన్ పోతది నానమ్మా!”

“సెలక్షన్‌కు కాళ్లు కావాలె. నువ్వు సుత కావాలె.”

మర్నాడు బాలమ్మ మైదానంలోనే దుర్గేష్‌ని నిలదీసింది.

“ఇది సైన్సమ్మా, మీకర్థం కాదు.”

“అట్లనా? నడువు, డాక్టరమ్మకు అర్థమైతదేమో.”

అతనికి సరిగ్గా అప్పుడే ఎక్కడో పనిపడింది. ఇలాంటి మగాళ్లకు అప్పుడే పడుతుంది. డాక్టరమ్మ డబ్బాను పరీక్షకు పంపితే లోపల మూలిక లేదు, మగ హార్మోను ఉంది.

ఏడుస్తూనే మానేసింది భవాని. వేగం తగ్గింది, జట్టులో చోటు పోయింది. దుర్గేష్ దగ్గరే నేర్చుకుంటూ, ఆ డబ్బా మింగుతూనే ఎంపికలకు పోయిన వేరే పిల్లలిద్దరు మూత్ర పరీక్షలో దొరికి ఏళ్ల తరబడి నిషేధంలో పడ్డారు. పాపం, వాళ్ల అడుగులు ఏమీ చెప్పేవి కావు.

చలికాలం ఒక పొద్దున సీతారత్నం ఎందుకో గేటు దగ్గరికొచ్చి, బుట్ట జారవిడిచింది. మైదానం నుంచి ఇంటిదాకా సిమెంటును చీల్చుకుని మెంతికూర లేస్తోంది, ఆకు ఆకుకీ మంచుబొట్టుతో. ఆ పచ్చదారికి ఈ కొసన భవాని పొత్తికడుపు పట్టుకుని నిలబడి ఉంది. కోయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

“నానమ్మా, నెలొచ్చింది.”

బాలమ్మ లోపలికెళ్లి గోడ క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది: డిసెంబర్ పదిహేడు, బుధవారం.