తాడు చుట్టే వైపు

అక్క నర్సరీలోని పంపు ఇంజనుకి ఒకప్పుడు బటన్ స్టార్టర్ ఉండేది. నాలుగేళ్ల కిందట దాన్ని ఊడదీసి పట్టుకుపోయినవాడు ఆమె సొంత తమ్ముడే.

తమ్ముడు మెకానిక్. చిన్న చిన్న టూ స్ట్రోక్ ఇంజన్లంటే ప్రాణం పెడతాడు. నోరు తెరిస్తే మూత పడదు కాబట్టి వీధిలో అతనికి సైలెన్సర్ అని పేరు పెట్టారు. ఎవరి పంపులో స్టార్టర్ మోటారు కనిపించినా అతని చేతులు ఊరుకునేవి కావు. రెండు కిలోల దండగ బరువు, పైగా బ్యాటరీకి చాకిరీ, తాడుతో ఒక్క లాగు లాగితే పోయేదానికి ఇంత హంగామా ఎందుకని ఉపన్యాసం ఇచ్చి, దాన్ని విప్పేసి, ఆ ఖాళీలో రేకు ముక్క బిగించేవాడు. అక్క ఇంజనుకీ అదే చేశాడు. నీ చేతికి ఇదొక లెక్కా అన్నాడు ఆరోజు. చిన్నప్పుడు ఆ చెయ్యి తన వీపు మీద ఎన్నిసార్లు మోగిందో అతనికి బాగా గుర్తు. అక్క నవ్వి ఊరుకుంది.

అప్పటినుంచి ఆమె పొద్దున్నే తాడు ముడిని ఇంజను చక్రం గాడిలో ఇరికించి, మూడు చుట్లు చుట్టి, గట్టిగా లాగేది. ఇంజను దగ్గి, సర్దుకుని, అందుకునేది. తొట్టిలో నీళ్లు పైపులోకి ఎక్కేవి.

ఈసారి అతను రెండు నెలల తర్వాత అటు వెళ్లాడు. వెళ్లేసరికి మొక్కలు తలలు వాల్చేసి ఉన్నాయి. అక్క ఎడమచేత్తో మగ్గు పట్టుకుని ఒక్కొక్క కుండీకే నీళ్లు మోస్తోంది. కుడిచెయ్యి నడుముకి అతికించినట్టు కదలకుండా ఉంది. అడగ్గా అడగ్గా చెప్పింది. భుజం బిగుసుకుపోయిందట. ఏదీ లాగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. నొప్పి మొదలై ఏడాది అయిందట.

"ఏడాదా? నాతో ఒక్క మాట అనలేదేం అక్కా?"

"ఏమనను? నీ చేతికి ఇదొక లెక్కా అని నువ్వే అన్నావుగా. లెక్క కాదేమోలే అనుకుని లాగాను."

సైలెన్సర్ ఆమె చేతిలోని మగ్గు అందుకున్నాడు.

పక్క వీధి నర్సరీ ఆయన ఆదివారం బండి తెచ్చి మొక్కలన్నీ కొనుక్కుపోతాడని ఆమె మామూలుగా, వాన పడేట్టుంది అన్నంత మామూలుగా చెప్పింది. తను రోజూ వచ్చి ఇంజను వేసిపోతానన్నాడు తమ్ముడు. ఆమె ఒప్పుకోలేదు.

"నీళ్లకోసం రోజూ ఒకడి దారి చూస్తూ కూర్చుంటే, ఇక అవి నా మొక్కలెలా అవుతాయిరా?"

ఆదివారానికి ఇంకా మూడు రోజులున్నాయి.

ఊడదీసిన ఆ మోటారు ఎక్కడికీ పోలేదు. షెడ్డులో అతని బల్ల మీదే ఉంది. దాని మూతినున్న పళ్ల చక్రం కోసేసి, పాలిష్ పట్టే గుడ్డ చక్రం తగిలించుకుని, నాలుగేళ్లుగా వాడుకుంటున్నాడు. ఇప్పుడు గుడ్డ చక్రం పీకేసి, దాని చోట రబ్బరు రోలరు బిగించాడు. కాలితో తొక్కితే రోలరు వెళ్లి ఇంజను చక్రం అంచుకి ఆనుకుంటుంది, అదే తొక్కుడుకి మోటారు తిరుగుతుంది. కాలు తీస్తే వెనక్కి వచ్చేస్తుంది. చెయ్యి పెట్టే పనే లేదు. రెండు రోజులు అన్నం కూడా నిలబడే తిన్నాడు. ఊరందరివీ ఊడబీకారుగా, రేపు అందరూ భుజాలు పట్టుకుని వరస కడితే ఏం చేస్తారని భార్య దెప్పింది. దానికి అతను ఉపన్యాసం ఏదీ ఇవ్వలేదు. ఒంట్లో బాగానే ఉందా అని ఆమె అతని నుదురు తాకి చూసింది.

శనివారం పొద్దున్నే ఒక బ్యాటరీతో సహా తెచ్చి అక్క ఇంజనుకి బిగించాడు. ముందు తనే తొక్కి చూశాడు. ఒక్క తొక్కుకే ఇంజను అందుకుంది. అతని మొహం వెలిగింది. కానీ పైపులోంచి నీళ్లు రాలేదు. నాలుగు చుక్కలు కారి ఆగిపోయాయి.

పంపులో గాలి చేరిందన్నాడు. నిండా నీళ్లు పోసి మళ్లీ తొక్కాడు. నాలుగు చుక్కలే. వాషరు మార్చాడు. తొట్టిలో చెయ్యి పెట్టి పైపు మూతి కడిగాడు. మోచేతులదాకా నాచు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. చివరికి, పంపే చచ్చిపోయినట్టుందక్కా అన్నాడు నేలమీద చతికిలబడి. ఆ గొంతు వినలేక అక్క వచ్చి పక్కన కూర్చుంది.

"ఇంకొక్కసారి వెయ్యి. వేసి ఆపెయ్యి. చూస్తాను."

నువ్వేం చూస్తావని అతను అనబోయి మానుకున్నాడు. ఇంజను వేసి ఆపాడు. చక్రం నెమ్మదిస్తుంటే ఆమె గాడి వంకే చూసింది. ఆమె కుడిచెయ్యి లేవలేదు గానీ, ఒళ్లో ఉన్న వేళ్లు మాత్రం లేని తాడేదో చుడుతున్నట్టు కదిలాయి.

"ఇది ఇటు తిరుగుతోందేంటి? నేను తాడు చుట్టేది ఇటు కాదే. ఇందాకట్నుంచీ ఇంజను కూడా నీరసంగా కొట్టుకుంటోంది."

తమ్ముడు నెత్తి మీద కొట్టుకున్నాడు. పాలిష్ పట్టేటప్పుడు దుమ్మంతా మొహాన పడుతోందని, అప్పట్లో మోటారు వైర్లు రెండూ అటుదిటు మార్చి ఎదురు తిప్పుకున్నాడు. ఆ మాటే మరిచిపోయాడు. టూ స్ట్రోక్ ఇంజనుకి అటైనా ఇటైనా ఒకటే, వెనక్కి తిప్పితే వెనక్కే పరుగెడుతుంది. ఈ సంగతి వచ్చినవాళ్లందరికీ కథలుగా చెప్పేవాడు అతనే. వెనక్కి తిరిగే పంపు మాత్రం నీళ్లెలా తోడుతుంది?

"నాకంటే నీ చేతికే ఎక్కువ తెలుసక్కా."

"ఆ చేతికే ఇదొక లెక్కా అన్నావు నువ్వు. పోనీలే, వైర్లు మార్చు ముందు."

రెండు నిమిషాల పని. ఈసారి అతను తొక్కలేదు. పక్కకి జరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అక్క చెప్పు విడిచి పాదం ఆనించింది. భయపడకు, గట్టిగా తొక్కమన్నాడు. నేనెందుకు భయపడతాను, నువ్వు బిగించావనే నా భయమంది. తొక్కింది. ఇంజను ఒకసారి దగ్గి, పాత గొంతుతో అందుకుంది. పైపు ఒళ్లు విరుచుకున్నట్టు ఉబ్బి, నేలమీద ఒక దొర్లు దొర్లి, గట్టుమీదంతా నీళ్లు చిమ్మింది.

ఆమె ఇంజను ఆపేసింది. ఎందుకాపావని అతను కంగారుపడ్డాడు. ఆమె మళ్లీ తొక్కింది. మళ్లీ నీళ్లు. మూడోసారి కూడా ఆపి, తనే వేసుకుంది. పెట్రోలు అయిపోతుందని అందామనుకున్నాడు గానీ అక్క మొహం చూసి ఆ మాట మింగేశాడు.

ఆదివారం వస్తానన్న ఆయనకి ఫోన్ చెయ్యమంది. ఏమని చెప్పమంటావని అడిగాడు తమ్ముడు.

"మొక్కలకి రావడం కుదరదట అని చెప్పు."

పైపు చివర ఎడమచేత్తో పట్టుకుని, ఎక్కువగా వాడిపోయిన వరసవైపు నడిచింది.